యల్లాప్రగడ సుబ్బారావు

గుంటూరు, ప్రకాశం సీమలలో మాఘమాసము వచ్చినంతనే నల్లరేగడి చేలు రంగు మార్చుకొనును. ఒకవంక పత్తికాయలు పగిలి తెల్లగా విచ్చుకొనును. మఱియొకవంక కళ్ళములలో మిరపపండ్లు ఎఱ్ఱని తివాచీ పఱచినట్లు ఎండుచుండును. ప్రొద్దు పొడువకముందే సద్దిమూటలు కట్టుకొని కూలితల్లులు చేలకు బయలుదేరుదురు. వారిలో గర్భవతులైనవారికి ఆరోగ్య ఉపకేంద్రమునుండి చిన్న మాత్రలు లభించును. రక్తము తఱిగిపోకుండుటకై వానిని దినమున కొకటి చొప్పున మ్రింగవలెను. బడిపిల్లలకును అట్టి మాత్ర వారమున కొకటి ఇచ్చుచున్నారు. ఆ మాత్రలో రెండు పదార్థములున్నవి. ఒకటి ఇనుము, రెండవది ఫోలిక్ ఆమ్లము.

ఇనుమును ఎఱుగనివారు లేరు. కాని ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసి లోకమునకు అందించిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు ఒక తెలుగువాడని ఎఱిగినవారు కొలదిమందియే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితకథ ఒక ప్రేగుల వ్యాధితో ముడిపడి యున్నది.

నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. సంతానము ఎక్కువ, సంపాదన తక్కువ. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగము విడువవలసి వచ్చుటతో కుటుంబభారమంతయు వెంకమ్మపై పడెను. ఆమె తన నగలమ్మి బిడ్డలను చదివించెను.

బాల్యమున సుబ్బారావునకు చదువుపై శ్రద్ధ లేకుండెను. పదుమూడేండ్ల ప్రాయమున అతడు ఇల్లు విడిచి కాశీకి పయనమయ్యెను. అచ్చటి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని అతని యాలోచన. పెద్దలు దారిలోనే పట్టుకొని ఇంటికి తెచ్చిరి. తల్లి పట్టువిడువక మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో అతడు రెండుసారులు తప్పెను. మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణుడయ్యెను. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. ఒకనాడు పరీక్ష తప్పిన బాలుడే మఱియొకనాడు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు తెలియని విషయములను తెలియజెప్పినాడు.

మద్రాసులో ఉన్నపుడు ఆ యువకుని మనస్సు రామకృష్ణమఠమువైపు మరలెను. సన్న్యాసము స్వీకరించి ప్రజలకు సేవచేయవలెనని అతడు కోరెను. తల్లి సమ్మతి లేనిదే సన్న్యాసమీయ వీలులేదని మఠములోని పెద్దలు చెప్పిరి. తల్లి సమ్మతింపలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవచేయుమని మఠమువారు హితవు చెప్పగా సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. చదువునకు మిత్రులును, అనపర్తి వాస్తవ్యుడగు కస్తూరి సూర్యనారాయణమూర్తియు ధనసహాయము చేసిరి. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో ఆయనకు వివాహము జరిగెను.

అవి దేశమంతట గాంధీమహాత్ముని పిలుపు మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికిని ఖద్దరు దుస్తులతోనే పోవుచుండెను. ఆచార్యునకు అది నచ్చలేదు. చదువులో ఏ లోపము లేకున్నను సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో చేరు మార్గము మూసికొనిపోయెను. అపుడు ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడుగా చేరెను.

ఈ సమయముననే ఆ కుటుంబముపై పిడుగు పడెను. సుబ్బారావు సోదరులిద్దరు ఒకే వ్యాధికి బలియైరి. ఆంగ్లవైద్యులు దానిని ఉష్ణమండలపు స్ప్రూ అని పిలుతురు. మనదేశమున దానిని గ్రహణి వ్యాధులలో ఒకటిగా ఎంతురు. మన చిన్నప్రేగు లోపలిగోడపై సన్నని వ్రేళ్ళవంటి మొలకలు లెక్కకు మిక్కిలిగా నుండును. అన్నసారమును పీల్చి రక్తమునకు అందించునవి ఆ మొలకలే. స్ప్రూ వ్యాధిలో అవి కుదించుకొని చదునైపోవును. అపుడు తిన్న అన్నము ఒంటపట్టదు. రోగికి నురుగు విరేచనములు విడువక పట్టుకొనును. నాలుక పుండుపడును. కండలు కరగును. రక్తము పలుచబడి ముఖము పాలిపోవును. విస్తరినిండ అన్నమున్నను మనిషి ఆకలిచే చచ్చిన చందమున చచ్చును. ఆ కాలమున పాశ్చాత్యవైద్యమున దీనికి నిశ్చయమైన మందు లేకుండెను.

కొంతకాలమునకు సుబ్బారావును కూడ ఆ వ్యాధియే పట్టెను. సోదరుల మరణమును కన్నులార చూచిన ఆయనకు దాని గమనము తెలియని దేమియు కాదు. ఆచంట లక్ష్మీపతి అను ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడు ఆయనకు చికిత్స చేసెను. సుబ్బారావు మరల కోలుకొనెను. ప్రాణము నిలిచెను, కాని ఒక ప్రశ్న మిగిలెను. ఈ వ్యాధి ఎందులకు వచ్చును? శరీరములో కొఱవడునది ఏది? దానిని చేతికందునట్లు మందుగా చేయుట ఎట్లు? వైద్యుడుగా రోగమును కుదుర్చుట కంటె రోగకారణమును కనుగొనుటయే తన పనియని ఆయన నిశ్చయించుకొనెను.

అమెరికాలోని బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయము ఉష్ణదేశపు వ్యాధులకై ఒక ప్రత్యేక విద్యాలయమును నడుపుచుండెను. సుబ్బారావు అందు చేరగోరెను. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును ప్రయాణమునకు ధనమిచ్చిరి. 1920 తరువాతి తొలి సంవత్సరములలో ఆయన ఓడనెక్కెను. గర్భవతియైన భార్యను పుట్టింట విడిచి వెళ్ళెను. పుట్టిన కుమారుడు ఏడాదియైన నిండకముందే కన్నుమూసెను. ఆ శిశువు ముఖమును తండ్రి చూడనేలేదు. చదువు ముగించి కొలది సంవత్సరములలో తిరిగి రావలెనని వెళ్ళిన సుబ్బారావు మరల స్వదేశమునకు రాలేదు. శాస్త్రమునకై ఆయన చెల్లించిన మూల్యము అది. ఆ మూల్యములో అధికభాగము చెల్లించినది అనపర్తిలో ఎదురుచూచిన ఇల్లాలు.

బోస్టనులో ఆయనకు జీవనము సులభము కాలేదు. చేతిలో ధనము లేదు. ఎల్.ఎం.ఎస్. పట్టముతో అచ్చట వైద్యము చేయుటకు వీలులేదు. రాత్రులందు ఒక వైద్యశాలలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపఱచు పనికి కుదిరెను. పగలు చదువు, రాత్రి పాకీపని. ఆ పనిని ఆయన నీచముగా తలంపలేదు.

ఉష్ణదేశ వైద్యమున డిప్లొమా పొందిన పిదప సుబ్బారావు హార్వర్డు వైద్యకళాశాలలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని యొద్ద పరిశోధనకు చేరెను. మొదట వారిద్దరు చేపట్టిన పని చూచుటకు చిన్నది. రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో కొలుచుట యెట్లు? అప్పటి పద్ధతులు కష్టమైనవి, కాలము పట్టునవి. ఫిస్కే, సుబ్బారావులు రసాయనములు కలిపి భాస్వరమును నీలిరంగుగా మార్చు సులభమార్గమును కనుగొనిరి. రంగు ఎంత చిక్కనైన భాస్వరము అంత ఎక్కువ. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి వారిద్దరి పేర్లతోనే ప్రసిద్ధికెక్కెను. ప్రపంచమందలి జీవరసాయన విద్యార్థులు అనేక దశాబ్దములు దీనిని అభ్యసించిరి.

చక్కని కొలబద్ద చేతికి వచ్చినవానికి క్రొత్త వస్తువులు కనబడును. ఆ పద్ధతితో కండరములను పరిశీలింపగా అందు భాస్వరముతో కూడిన ఒక క్రొత్త పదార్థము కనబడెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. ఆ విషయమును వారు 1927లో లోకమునకు తెలిపిరి. 1929లో మఱియొక పదార్థమును కనుగొనిరి. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తముగా ఏ.టి.పి. అందురు. అదే సమయమున జర్మనీలో కార్ల్ లోమాన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేఱుగా కనుగొనెను. మనము చేయెత్తినను, గుండె కొట్టుకొన్నను, ఆలోచన చేసినను అందులకు కావలసిన శక్తిని కణములకు అందించునది ఈ ఏ.టి.పి. యే. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావునకు పిహెచ్.డి. పట్టము నిచ్చెను.

డాక్టరు పట్టము చేతికి వచ్చినను ఆయనకు అచ్చట శాశ్వతమైన ఉద్యోగము లభింపలేదు. అయినను ఆయన పని ఆపలేదు. ఆయన దృష్టి ఇపుడు కాలేయసారముపై నిలిచెను. కొన్ని విధముల రక్తహీనతకు జంతువుల కాలేయము తినిపించిన గుణమిచ్చునని అమెరికా వైద్యులు కనుగొని, అందులకై 1934లో నోబెలు బహుమానమును పొందిరి. కాలేయములో ఏదియో ఒక జీవద్రవ్యము దాగియున్నదని స్పష్టమయ్యెను. అది ఏది? సోదరుల ముఖములను పాలిపోజేసిన రక్తహీనతకును దీనికిని సంబంధమున్నదా? పాత ప్రశ్న క్రొత్త రూపమున మరల ఎదుట నిలిచెను.

ఈ ప్రశ్నకు ఒక ఆధారము మన దేశముననే దొరికెను. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భవతులు తీవ్రమైన రక్తహీనతచే మరణించుటను చూచెను. వారు తిను తిండిలోనే ఏదో లోపమున్నదని ఆమె గ్రహించెను. కాలేయము ఖరీదైనది, పేదలకు అందనిది. చౌకగా దొరకు ఈస్టుసారమును ఇచ్చి చూడగా వారి రక్తము మరల వృద్ధిపొందెను. ఆ సారములోని తెలియని ద్రవ్యమునకు విల్స్ కారకమని పేరు వచ్చెను. తరువాత 1941లో అమెరికాలోని టెక్సాసు పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక పదార్థమును కొలదిగా రాబట్టి, లాటిను భాషలో ఆకును తెలుపు పదమునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. టన్నులకొలది ఆకునుండి చిటికెడు మందు వచ్చిన అది ఎందఱకు చాలును? దాని నిర్మాణమును తెలిసికొని ప్రయోగశాలలో తయారుచేసిననే గాని పేదలకు అందదు.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ ప్రయోగశాలలలో చేరెను. కొలదికాలములోనే పరిశోధన విభాగమునకు అధిపతి యయ్యెను. ఆయన నాయకత్వమున పెద్ద శాస్త్రజ్ఞబృందము ఫోలిక్ ఆమ్లముపై పనికి పూనుకొనెను. కాలేయమునుండియు, సూక్ష్మజీవులనుండియు దానిని శుద్ధముగా వేఱుచేసిరి. ముక్కలు చేసి నిర్మాణము తెలిసికొనిరి. తుదకు 1945లో రసాయనములనుండియే దానిని తయారుచేసిరి. 1946 ప్రాంతమున టామ్ స్పైస్ మొదలగు వైద్యులు ఆ మందును క్యూబా మున్నగు దేశములలో స్ప్రూ రోగులకు ఇచ్చిరి. రోగుల నాలుకపుండు మానెను, ఆకలి పుట్టెను, విరేచనములు తగ్గెను, రక్తము వృద్ధిపొందెను.

ఫోలిక్ ఆమ్లము ఇంతపని ఎట్లు చేయును? ఒక కణము రెండుగా విభజనము పొందుటకు అది అవసరము. రక్తకణములు నిత్యము పుట్టుచుండును. ప్రేగు లోపలిపొర కొన్ని దినముల కొకసారి క్రొత్తదగుచుండును. తల్లి గర్భమున శిశువు దినదినము పెరుగుచుండును. కావున ఫోలిక్ ఆమ్లము కొఱవడినపుడు మొదట దెబ్బతినునవి రక్తము, ప్రేగు, గర్భస్థశిశువు. ప్రేగు చెడిన ఆ ఆమ్లము ఒంటపట్టదు. అది ఒంటపట్టకున్న ప్రేగు బాగుపడదు. ఈ విషవలయమును తెగగొట్టునది ఆ మందే.

అయితే దానికిని హద్దులున్నవి. ప్రాణాంతకమగు ఒక విధపు రక్తహీనతలో ఫోలిక్ ఆమ్లము రక్తమును బాగుచేసినను నరములకు కలుగు హానిని ఆపలేకపోయెను. దానికి కావలసిన బి-12 విటమిను 1948లో వేఱు శాస్త్రజ్ఞులచే వేఱుచేయబడెను. సుబ్బారావు వెదకిన సమాధానములో ఒక సగము మాత్రమే ఆయనకు దొరికెను. శాస్త్రమార్గము అట్టిది. ఒకరు వేసిన అడుగుపై మఱియొకరు అడుగు వేయుదురు.

లెడర్లీలో ఆయన పని ఫోలిక్ ఆమ్లముతో ఆగలేదు. ఆయన పిలుపుమీద పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును రాబట్టెను. టెట్రాసైక్లిన్ జాతికి చెందిన మందులలో అది మొదటిది. కోస్తా జిల్లాలలో కాళ్ళు ఏనుగుకాళ్ళవలె వాపజేయు బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు 1947లో ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను. నేటికిని మనదేశమున బోదకాలు నివారణకు ఆ మందునే పంచుచున్నారు. ఫోలిక్ ఆమ్లము కణముల పెరుగుదలకు తోడ్పడినచో, దానికి విరుద్ధముగా పనిచేయు పదార్థము క్యాన్సరు కణముల పెరుగుదలను ఆపవలెను గదా! ఈ ఆలోచనతో తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చెను. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనబడెనని 1948లో ఆయన ప్రకటించెను. అప్పటివరకు ఆ పిల్లలకు ఏ ఆశయు లేకుండెను. ఆ కోవలోనిదే మెథోట్రెక్సేట్. అది నేడు క్యాన్సరునకే గాక కీళ్ళవాతమునకును, క్రోన్స్ వ్యాధియను ప్రేగుల శోథకును కూడ వాడబడుచున్నది.

ఇన్ని పనులు చేసినను సుబ్బారావు కీర్తిని కోరలేదు. సభలలో ముందునకు రాలేదు. ఫలితములను ప్రకటించునపుడు తోడివారి పేర్లను ముందుంచి తాను వెనుక నిలిచెను. 1948 జూలైలో ఆరియోమైసిన్ విషయము న్యూయార్కులోని శాస్త్రజ్ఞుల సభలో ప్రకటింపబడెను. మఱుసటినెల, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. అమెరికాలో పాతికేండ్లు గడిపినను ఆయన ఆ దేశపు పౌరుడు కాలేదు. తరువాత 1953లో క్రొత్తగా కనుగొనబడిన ఒక శిలీంధ్రమునకు ఆయన పేరుమీదుగా సుబ్బరోమైసిస్ అని నామకరణము చేసిరి. 1995లో, శతజయంతి సంవత్సరమున, భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ళ వెలువరించెను.

నేడు స్ప్రూ రోగి వైద్యునియొద్దకు పోయిన వైద్యుడు ముఖ్యముగా ఇచ్చు మందులు రెండు. ప్రేగులలోని హానికర సూక్ష్మజీవులను అణచుటకు టెట్రాసైక్లిన్. ప్రేగునకును, రక్తమునకును బలమిచ్చుటకు ఫోలిక్ ఆమ్లము. కొన్ని మాసములు వాడినచో రోగి కోలుకొనును. ఆ రెండింటి పుట్టుకయు సుబ్బారావు నడిపిన ప్రయోగశాలతో ముడిపడినదే. తన సోదరులను మ్రింగిన వ్యాధికి ఆయన మందు సంపాదించెను. అది వారికి అందుటకు కాలము మించిపోయెను. కాని ఇతరుల సోదరులకు అందెను.

మిరపకళ్ళములలో సంధ్య వ్రాలునపుడు పని ముగించి ఇంటికి చేరిన తల్లి అన్నము తిని, చెంబెడు నీళ్ళతో ఆ చిన్న మాత్రను మ్రింగును. తగిన సమయమున ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో పుట్టు శిశువునకు వెన్నెముక లోపములు చాలవఱకు తప్పునని 1991లో వైద్యులు నిర్ధారించిరి. ఆ మాత్రమీద ఎవరి పేరును లేదు. పేరు తెలిసినను తెలియకున్నను అది తన పని తాను చేయును. దానిని చేయించినవాని స్వభావమును అట్టిదే.